మూడో నంబరు మెషిను

మా బ్యాండు గురువారం సాయంత్రాలు లాండ్రీ వెనక గదిలో ప్రాక్టీసు చేస్తుంది. ముందు గదిలో కౌంటరు, ఇస్త్రీ బల్లలు ఉంటాయి. వెనక గదిలో గోడ పొడవునా బట్టలుతికే పెద్ద మెషిన్లు మూడు. వాటికీ, మడతపెట్టాల్సిన దుప్పట్ల గుట్టకీ మధ్య మిగిలిన జాగా మాది. డ్రమ్స్ అమర్చాక ఇంకెవరికీ కాళ్ళు చాపుకునే వీలుండదు. నా బేస్ గిటారు మెడ అటు తిప్పితే తగిలించిన కోట్లకు గుచ్చుకుంటుంది, ఇటు తిప్పితే డాక్టరమ్మ మోచేతికి తగులుతుంది.

పాడేది లాండ్రీ ఆయనే. గది ఆయనది కనక ఆయన గొంతు గురించి ఎవరం మాట్లాడం. పాటలు కట్టేదీ ఆయనే. ప్రేమ, విరహం జోలికి పోడు. తనకు తెలిసిన సంగతులే రాస్తాడు. మా పాటల్లోకెల్లా పెద్దది 'మరక'. ఎంత ఉతికినా పోని ఒక మరక మీద, దాన్ని ఉతికి ఉతికి విసిగిపోయిన ఒక మనిషి మొర అది. "పోదు, పోదు" అని పల్లవి. మెల్లగా మొదలై, చరణం చరణానికీ వేగం పెరిగి, చివరికి పూనకం వచ్చినట్టు ఊగి, టక్కున ఆగిపోతుంది.

లీడ్ గిటారు ఎదురు వీధి పళ్ళ డాక్టరమ్మది. రోజంతా జనం నోళ్ళు తెరిపించి, వాళ్ళను మాట్లాడనివ్వకుండా తనే మాట్లాడే ఉద్యోగం. అందుకని మధ్యలో ఎవరైనా ఆపితే ఆవిడకు గిట్టదు. సోలో మొదలుపెట్టిందంటే మేం ముగ్గురం నోళ్ళు తెరుచుకుని కూర్చోవాల్సిందే. లాండ్రీ ఆయన్ని 'అంకుల్' అంటుంది. తనకంటే పట్టుమని పదేళ్ళు కూడా పెద్ద కాడేమో, ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆయన మొహం మాడిపోతుంది. అది చూసే ఆవిడ మానదు.

డ్రమ్స్ వాయించేవాడు నా బావమరిది. వాడు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర ఉన్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి సగం జీవితం గడిపాడు. ఏ చిన్న అనుమానం వచ్చినా ఆ పాదం వాడి అనుమతి అడక్కుండా కిందికి దిగిపోతుంది. మా ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీ చూస్తూ కూడా అప్పుడప్పుడు నేలను తొక్కుతాడు.

ఇక నేను. నీటి సరఫరా ఆఫీసులో భూమి కింది పైపుల పటాలు గీస్తాను. బేస్ గిటారు కూడా అలాంటిదే. అది ఉన్నట్టు ఎవరికీ తెలియదు, ఎక్కడో కారినప్పుడు తప్ప.

మా ఆవిడ చనిపోయిన ఏడాది నాకు ఆఫీసు, ఇల్లు, వాటి మధ్య బస్సు తప్ప ఇంకేమీ లేవు. ఒకరోజు బావమరిది పాత బేస్ గిటారు ఒకటి గుడ్డలో చుట్టుకొచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "బావా, బేస్ వాయించేవాడు దొరక్క చస్తున్నాం. నాలుగు తీగలే. నీకు వేళ్ళున్నాయి, పని లేదు," అన్నాడు. వాళ్ళు ఎవర్నీ వెతకనే లేదని చాలాకాలం తర్వాత డాక్టరమ్మ నోరు జారింది. నేను విననట్టు ఊరుకున్నాను.

అప్పట్నుంచీ గురువారమంటే నాకు వేరే రోజు. పొద్దున్నే బావమరిది ఫోను చేసి తీగలు తుడిచావా అని అడుగుతాడు. సాయంత్రం డ్రైవింగ్ స్కూలు కారులో వచ్చి తీసుకెళ్తాడు. ప్రాక్టీసు అయ్యాక మా ఇంటికే వచ్చి, నేను వండింది వంక పెట్టకుండా తింటాడు. భోజనాల బల్ల దగ్గర వాళ్ళ అక్క కూర్చునే కుర్చీలోనే కూర్చుంటాడు. కావాలని కూర్చుంటాడో, అది కిటికీ పక్కన ఉందని కూర్చుంటాడో నేనెప్పుడూ అడగలేదు. ఆ కుర్చీ ఖాళీగా కనబడని పూట వారంలో నాకు అదొక్కటే.

లాండ్రీ పై అంతస్తులో ఒక ఆడిటరు ఉంటాడు. మేం మొదలుపెట్టిన కొత్తలో మొదటి పాట సగంలో ఉండగానే మెట్లు దిగి వచ్చాడు. మెషిన్ల చప్పుడు వ్యాపారం, దాన్ని తాను కాదనలేడట. పాట వ్యాపారం కాదట. మళ్ళీ వినబడితే ఇంటి యజమానికి ఫిర్యాదు రాసిస్తానన్నాడు. అప్పుడు లాండ్రీ ఆయనకు ఒక ఉపాయం తట్టింది. మూడో నంబరు మెషిను అన్నిట్లోకీ పాతది, మోత ఎక్కువ. ఆసుపత్రి దుప్పట్లన్నీ గురువారం దాకా ఆపి, ప్రాక్టీసు వేళకు దాంట్లో కుక్కి బొత్తాం నొక్కేవాడు. ఆ దడదడలో మేం ఏం చేసినా పైకి దడదడగానే వినబడేది. ఆడిటరు మళ్ళీ దిగలేదు. లాండ్రీ ఆయన బొత్తాం నొక్కడం, మేం అందుకోవడం. అలా ఏడాది దాటింది.

నిజం చెప్పాలంటే మేం బాగానే కుదిరామనుకున్నాం. గొడవలు లేకపోలేదు. బ్యాండుకు పేరు పెట్టడం దగ్గర ఎంత రభస జరిగిందంటే చివరికి పేరు లేకుండానే ఉండిపోయాం. డాక్టరమ్మ ఒకసారి 'మరక' ముందు వాయిద్దామంది. ఎంత పెనుగులాడినా అది ముందు కుదరలేదు, చివర్న అయితేనే ఒదిగేది. ఆ పాట చివరి వేగం గురించి బావమరిదికి లోలోపల గొప్ప. తిరుగు ప్రయాణంలో స్టీరింగు మీద వేళ్ళతో కొడుతూ, "అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు బావా. లోపల్నుంచి పొంగాలి," అనేవాడు. నేను అవుననేవాణ్ణి. నిజంగానే పొంగేది మరి.

మాకు మొదటి అవకాశం పూల ప్రదర్శనలో వచ్చింది. పూలమొక్కల సంఘం కార్యదర్శి డాక్టరమ్మ కుర్చీలో నోరు తెరుచుకుని ఉండగా ఆవిడ అడిగింది. ఆ స్థితిలో మనిషి కాదనలేడు.

వేదిక ఒకవైపు గులాబీలు, ఇంకోవైపు ముళ్ళమొక్కలు. కుండీలు అదరకుండా వాయించమని కార్యదర్శి రెండుసార్లు వచ్చి బతిమాలాడు. మాకు పేరు లేదు గనక, "ఇప్పుడు లాండ్రీ వారి వాద్యబృందం" అని మైకులో చెప్పారు. బావమరిది పుల్లలు ఒకదానితో ఒకటి కొట్టి లెక్కపెట్టాడు. మొదలుపెట్టాం.

నాలుగు వాక్యాల దాకా పరవాలేదు. తర్వాత బావమరిదికి ఏదో అనుమానం వచ్చింది. పాదం దిగింది. పాట నెమ్మదించింది. లాండ్రీ ఆయన అది గమనించకుండా వాలులో సైకిలు వదిలినట్టు ముందుకు పోయాడు. డాక్టరమ్మ కళ్ళు మూసుకుని సోలోలోకి దిగి, కాసేపటికి కళ్ళు తెరిచి చూస్తే చుట్టుపక్కల ఎవరూ లేరు. నేను మాత్రం నాకు అలవాటైన నడకనే పట్టుకుని, పక్కకు చూడకుండా నడిచాను. ఒకే పాటను నలుగురం నాలుగు చోట్ల ముగించాం. చివరి తీగ నాది. ఆ హాలంతటిలో అది ఒక్కటే 'డుమ్' అంది.

ముందు వరసలో ఒక పెద్దాయన మంచి మనసుతో అడిగాడు.

"వాయిద్యాలు సరిచేసుకోవడం అయిందా బాబూ? ఇక మొదలుపెట్టండి, మళ్ళీ బహుమతులు ఇవ్వాలి."

ఆయన వెక్కిరించి ఉంటే బాగుండేది.

రెండో పాట అంతకంటే అన్యాయం. ఇక 'మరక' సంగతి చెప్పనక్కర్లేదు. ఎంతసేపు చూసినా ఆ పొంగేది పొంగలేదు. పొంగకపోతే ముగించడం మాకు తెలియదు. లాండ్రీ ఆయన "పోదు, పోదు" అని పాడుతూనే ఉన్నాడు, అది పోనూ లేదు, ఆగనూ లేదు. చివరికి కార్యదర్శి నాలుగు పూలగుత్తులు పట్టుకుని వేదిక ఎక్కి, నలుగురి చేతుల్లోనూ పెట్టేశాడు. చేతులు నిండాక వాయించలేం కదా.

తిరిగి వచ్చేటప్పుడు లాండ్రీ వ్యాన్లో జరిగింది రాయాలంటే మొహమాటంగా ఉంది. సోలో పేరుతో ఊరంతా తిరిగొచ్చావని లాండ్రీ ఆయన డాక్టరమ్మను అన్నాడు. ఊరు తిరిగినా తాను సొంత కాళ్ళ మీద తిరిగానని ఆవిడ అంది. ఆయన నోరు తెరిచినప్పుడల్లా లోపల ఉన్న పుచ్చిపన్ను తప్ప తాళం తనకెక్కడా కనబడలేదని కూడా అంది. ఇద్దరూ కలిసి బావమరిదిని అన్నారు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. బేస్ వాయించేవాడికి ఆ సుఖం ఉంది. బావమరిది ఒడిలో పూలగుత్తితో, కొత్తగా అత్తారింటికి వెళ్తున్నవాడిలా ముడుచుకుని కూర్చున్నాడు.

మా ఇంటి గేటు దగ్గర దిగాక లోపలికి రాలేదు.

"డ్రమ్స్ అమ్మేస్తాను బావా."

"ఇప్పుడేం తొందర వచ్చిందిరా?"

"తొందర కాదు. పక్క సీట్లో కూర్చునేవాడు పక్క సీట్లోనే ఉండాలి. నాకు తెలిసిందదే."

పూలగుత్తి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. రెండు గుత్తులూ ఒకే గాజు సీసాలో పెట్టాను. పాపం, అవి మాత్రం చాలాకాలం వాడిపోలేదు.

ఆ తర్వాతి గురువారం పొద్దున ఫోను రాలేదు. ఆఫీసులో ఒక పైపును రోడ్డుకు అవతలి పక్కన గీసి, మళ్ళీ చెరిపాను. సాయంత్రం ఇల్లు చేరాక బల్ల దగ్గర కూర్చోలేకపోయాను. కిటికీ పక్క కుర్చీ అక్కడే ఉంది. దానికేసి చూడకుండా కిటికీ తెరలు ఊడదీసి, మూట కట్టి, ఉతకడానికనే వంకతో లాండ్రీకి బయల్దేరాను.

కౌంటర్లో లాండ్రీ ఆయన భార్య ఉంది. మూట విప్పి, తెరను వెలుతురుకు ఎత్తి పట్టి, నాకేసి చూసింది.

"అన్నయ్యగారూ, వీటి మీద ఈగ కూడా వాలలేదు కదండీ?"

నేను నీళ్ళు నమిలాను.  ఆవిడే మూట మళ్ళీ కట్టి నా చేతికే ఇచ్చి, వెనక గదిలో కూర్చోమని, టీ పంపిస్తానని చెప్పింది. కొందరికి అలాంటి మర్యాద పుట్టుకతో వస్తుంది.

వెనక గది బోసిగా ఉంది. డ్రమ్స్ ఉన్నచోట నేల మీద నాలుగు గుండ్రటి గుర్తులు. మూడో నంబరు ఎప్పట్లాగే ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతోంది. నేను దుప్పట్ల గుట్ట మీద కూర్చుని మూట ఒళ్ళో పెట్టుకున్నాను. కాసేపటికి నా మడమ లేస్తూ పడుతూ ఉంది. దాన్ని అలాగే వదిలేశాను. ఇంకాసేపటికి నా వేళ్ళు తెరల మూట మీద మా మొదటి పాట వాయిస్తున్నాయి, ఎక్కడా తప్పకుండా.

మెషిను ఆగి, నీళ్ళు వదిలి, జాడించడం మొదలుపెట్టింది. దాని నడక మారింది. నా వేళ్ళు నన్ను అడక్కుండా రెండో పాటలోకి వెళ్ళాయి.  లేచి మెషిను ముందు నిలబడ్డాను. జాడించడం అయింది. పిండటం మొదలైంది. మొదట మెల్లగా, తర్వాత జోరుగా, తర్వాత నేల అదిరేలా. నా నోట్లోంచి "పోదు, పోదు" అని వచ్చింది. చివరికి పూనకం వచ్చినట్టు ఊగి, అది టక్కున ఆగిపోయింది. నా వేళ్ళూ ఆగాయి.

పడీ పడీ నవ్వాను. టీ తెచ్చిన ఆవిడ గ్లాసు మెషిను మీద పెట్టి వెళ్ళిపోయింది.

నవ్వు అయ్యాక గ్లాసు పట్టుకుని మళ్ళీ దుప్పట్ల మీద కూలబడ్డాను. బ్యాండు బతకాలంటే ఈ సంగతి చెప్పి తీరాలి. కానీ ఏమని చెప్పను? ఒరే, ఏడాదిగా తాళం వేస్తున్నది నువ్వు కాదు, ఆసుపత్రి దుప్పట్లు. లోపల్నుంచి పొంగుతుందని నువ్వనుకున్నది లోపల్నుంచే పొంగింది, కాకపోతే మూడో నంబరు లోపల్నుంచి. ఇది విన్నాక ఏ మనిషి పుల్లలు పట్టుకుంటాడు?

మర్నాడు వాణ్ణి డ్రైవింగ్ స్కూలు దగ్గర పట్టుకున్నాను. కారు నీడలో ఆగి ఉంది. వాడు పక్క సీట్లో ఉన్నాడు, అలవాటు కొద్దీ. ఖాళీగా ఉన్నది డ్రైవరు సీటే. నాకు కారు తోలడం రాదు. అయినా అక్కడే కూర్చుని, స్టీరింగు పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆగి ఉన్న కారులో వాడి పాదం బ్రేకును చివరి దాకా తొక్కింది.

"అంటే నాకంటే దానికే తాళం తెలుసంటావు."

"నలుగురికీ అదే దిక్కయిందిరా. నువ్వొక్కడివే కాదు."

"వాళ్ళు తాళం వేసేవాళ్ళు కాదు కదా బావా."

 కనీసం పరీక్షించి చూద్దామని బతిమాలితే, నా మొహం చూసి వచ్చాడు. లాండ్రీ వెనక గదిలో డ్రమ్స్ మళ్ళీ దింపాం. లాండ్రీ ఆయన ముందు ఒంటికాలి మీద లేచాడు. తన పాటలు ఎక్కడ, దుప్పట్ల కంపు ఎక్కడ అన్నాడు. బొత్తాం నొక్కాక నోరు మూసుకున్నాడు. మెషిను నడుస్తున్నంతసేపు మేం నలుగురం ఒక మనిషిలా ఉన్నాం. పాట మధ్యలో డాక్టరమ్మ చెయ్యి చాపి మెషిను ఆపేసింది. మెట్టు ఉందనుకుని అడుగు వేసినవాళ్ళలా నలుగురం ఒకేసారి తూలాం.

ఎవరికీ నవ్వు రాలేదు. బావమరిది పుల్లలు దుప్పట్ల మీద పెట్టాడు.

"దీన్నే తీసుకెళ్ళి స్టేజీ మీద పెట్టుకోండి. జీతం కూడా అడగదు," అని బయటికి పోయాడు.

చిక్కేమిటంటే, పూల ప్రదర్శనకు ముందే లాండ్రీ ఆయన ఇంకో చోట మాట ఇచ్చి ఉన్నాడు. ఆ దుప్పట్ల ఆసుపత్రిలోనే సిబ్బంది వార్షికోత్సవం. పెద్ద ఖాతా, మాట తప్పితే బాగుండదు. ఆయనే స్వయంగా వెళ్ళి బావమరిది కాళ్ళావేళ్ళా పడ్డాడు. లాండ్రీ కోసం వస్తానని, అదే చివరిదని వాడు ఒప్పుకున్నాడట. ఆ మాట నాకు ఫోనులో చెప్పింది లాండ్రీ ఆయన, వాడు కాదు.

డ్రమ్స్ అమ్మకానికి పెట్టిన ప్రకటనకు మాత్రం ఒక్కడంటే ఒక్కడే వచ్చాడు. ఆయనకు నడుంనొప్పి. ఫొటోలో డ్రమ్స్ వెనక ఉన్న గుండ్రటి స్టూలు నచ్చి వచ్చాడు. మిగతాదంతా చూసి, ఇవేమీ వద్దండీ, స్టూలు చాలు అన్నాడు. బావమరిది మొండిగా ఉన్నాడు కదా, స్టూలు ఇచ్చేశాడు.

ఇక లాండ్రీ ఆయన కొత్త ఉపాయం పన్నాడు. ఆ ఉపాయం వినగానే నాకు తల ప్రాణం తోకకొచ్చింది. మెషినును తీసుకెళ్ళలేం గనక దాని మోతను తీసుకెళ్దామన్నాడు. గురువారం దుప్పట్లు వేసి, ఫోనును మెషిను మీద పెట్టి, మొదట్నుంచి చివరి దాకా రికార్డు చేశాడు. ఒక చిన్న పెట్టె కొని, అందులోంచి నలుగురి చెవులకూ నాలుగు తీగలు లాగాడు. తీగలు ఊడిపోకుండా డాక్టరమ్మ పళ్ళ అచ్చు తీసే ముద్ద కలిపి మా చెవుల్లో నొక్కి, చెవికి చెవికీ సరిపోయే బిరడాలు చేసింది. నోరు తెరవమని మమ్మల్ని అలవాటుగా అంది. మేమూ అలవాటుగా తెరిచాం. రికార్డు అంతా విన్నావా అని నేను లాండ్రీ ఆయన్ని అడిగాను. మెషిను మోతలో వినడానికేముంది, ఏడాదిగా వింటున్నదే కదా అన్నాడు.

ఆసుపత్రి భోజనాల హాల్లో మధ్యాహ్నం కార్యక్రమం. నర్సులు, వార్డు ఆయాలు, మందుల దగ్గరి వాళ్ళు, అందరూ ఇంకా యూనిఫారాల్లోనే ఉన్నారు. స్టూలు లేనందున బావమరిది సబ్బుపొడి డబ్బా బోర్లించి కూర్చున్నాడు. అది పొట్టిది. డ్రమ్స్ మీది ఇత్తడి పళ్ళాలు వాడి చెవుల పైకి వచ్చాయి. పొయ్యి ముందు కూర్చున్నవాడిలా మోకాళ్ళు పైకి లేచాయి. మా నలుగురినీ కలిపి తీగలు. ఒకరు కదిలితే ముగ్గురి తలలు ఒరుగుతాయి. వాడు నాకేసి చూడలేదు.

లాండ్రీ ఆయన ఫోను నొక్కాడు. మూడో నంబరు నా చెవిలో తిరిగింది. మేం అందుకున్నాం.

మొదటి పాట బ్రహ్మాండంగా వచ్చింది. చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఇద్దరు నర్సులు భుజాలు ఊపుతున్నారు. నేను బావమరిది మొహం చూశాను. ఒక్క తప్పు లేదు, ఒక్క చిరునవ్వూ లేదు. పక్క సీట్లో కూర్చుని ఎవరో తోలుతున్న కారును చూస్తున్నట్టు ఉన్నాడు. రెండో పాటా అంతే. ఇది బాగా జరిగితే వాడు నిజంగానే వెళ్ళిపోతాడని అప్పుడు నాకు తెలిసింది. బాగా జరిగిందంటే అది మెషిను ఘనత. అందులో వాడికి మిగిలేది ఏదీ లేదు.

'మరక' మొదలైంది. మెషిను పిండటం మొదలుపెట్టింది. వేగం అందుకుంది. రెండో చరణం మధ్యలో చెవిలో 'ధన్, ధన్' అని దుప్పట్లన్నీ ఒకవైపు చేరిన చప్పుడు, వెంటనే 'కీ' అని ఒక కూత, ఆ తర్వాత నిశ్శబ్దం.

నలుగురం ఆగిపోయాం. ఒకే క్షణంలో, ఒకే దెబ్బకు, కత్తితో కోసినట్టు. మెషిను లేకుండా మేం అంత కలిసి ఏ పనీ చేసి ఎరగం. హాలు ఒక్కసారి ఊపిరి బిగబట్టి, చప్పట్లతో మోగిపోయింది. అది మా విద్య అనుకున్నారు.

చప్పట్లు సద్దుమణిగేలోపు మా నాలుగు చెవుల్లోనూ లాండ్రీ ఆయన భార్య గొంతు వినబడింది.

"ఏమండీ, మళ్ళీ ఆగి చచ్చింది. వచ్చి దుప్పట్లు సర్దండి."

"వస్తున్నా," అన్నాడు లాండ్రీ ఆయన, మైకులో.

హాలు గొల్లుమంది. డాక్టరమ్మ గిటారు వెనక మొహం దాచుకుంది. లాండ్రీ ఆయన ఫోనును అటు నొక్కి ఇటు నొక్కాడు. చెవిలో ఇప్పుడు, ఆ గురువారం రికార్డయిన బుట్ట ఈడుస్తున్న చప్పుడు, ఆవిడ విసుగు, ఆయన దగ్గు. తాళం మాత్రం లేదు. జనం నవ్వు ఆపి మాకేసి చూశారు. పాట సగంలో ఉంది.

బావమరిది చెవిలోంచి బిరడా పీకాడు. దాన్ని ఒకసారి చూసి సబ్బుపొడి డబ్బా పక్కన పడేశాడు. అప్పుడు నాకేసి చూశాడు. ఆ చూపు నేను ఎరుగుదును. మొదటిసారి గిటారు నా ఒళ్ళో పెట్టి, నేనేమంటానో అని నిలబడ్డ రోజు చూసిన చూపు అది. నేనూ నా బిరడా పీకేశాను.

పుల్లలు కొట్టి లెక్కపెట్టాడు. చాలా నెమ్మదిగా. 'మరక' అంత నెమ్మదిగా ఎవరూ ఎప్పుడూ పాడి ఉండరు. అనుమానం వచ్చినచోట పాదం దిగుతోంది, పాట ఇంకా ఒక మెట్టు దిగుతోంది. నా వేళ్ళకు పాత నడక తెలుసు. అవి ముందుకు లాగుతున్నాయి. పూల ప్రదర్శనలో వాటి మాటే విన్నాను. ఈసారి వాటిని ఆపి, వాడి పాదం చూస్తూ వాయించాను. అది దిగినచోట దిగాను, ఆగినచోట ఆగాను. వాడు భయపడినచోట నేనూ భయపడ్డాను. డాక్టరమ్మ సోలో మధ్యలో కళ్ళు తెరిచి, మమ్మల్ని చూసి, తగ్గింది. ఆవిడ తగ్గడం అదే మొదలు. లాండ్రీ ఆయనకు ఆ వేగంలో ఊపిరి చాలక ప్రతి "పోదు"కూ ఒకసారి గాలి పీల్చుకోవాల్సి వచ్చింది. అందువల్ల ఆ మరక నిజంగానే ఎప్పటికీ పోదేమో అనిపించింది.

బాగుందని అనను. వెనక వరస నర్సులు భుజాలు ఊపడం మానేశారు. కానీ చివర్న నలుగురం ఒకేచోట దిగాం. అటూ ఇటూగా.

వ్యాన్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. లాండ్రీ ఆయన మాత్రం ఆ రికార్డు ఎలా చెడిందో చెబుతూనే ఉన్నాడు. డాక్టరమ్మ ఆయనకు ఒక పన్ను తీసెయ్యాలని చెప్పింది. మా ఇంటి దగ్గర బావమరిది దిగి, అడక్కుండానే లోపలికి వచ్చాడు. నేను కూర వేడి చేస్తుంటే, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని నడుం పట్టుకున్నాడు.

"డబ్బా మరీ పొట్టిదైంది బావా. ఆ స్టూలాయన్ని అడిగితే తిరిగి ఇస్తాడంటావా?"

"నడుంనొప్పి మనిషి. ఇవ్వడు."

"ఇంకో పీట చూడాలైతే."

నేను మూకుడు దగ్గరే కాసేపు నిలబడి, కూర మాడాక తీసుకొచ్చాను. వంక పెట్టకుండా తిన్నాడు.

గురువారం పొద్దున ఫోను వచ్చింది. సాయంత్రం మేం మూడో నంబరును ఆపేసి, మా కాళ్ళ మీద మేం వాయించాలని కూర్చున్నాం. బావమరిది కింద వంటింటి పీట, దాని మీద నా తెరల మూట. మొదటి పాట సగంలో మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. ఆడిటరు గుమ్మంలో నిలబడి మా నలుగుర్నీ, ఆగి ఉన్న మెషినునూ చూశాడు.

"మెషిను పాడైందా?"

లాండ్రీ ఆయన లేదన్నాడు.

"అయితే వేసుకోండి బాబూ, పుణ్యం ఉంటుంది. ఏడాదిగా దానికే అలవాటు పడ్డాం."

మెట్లెక్కి వెళ్ళిపోయాడు. చేసేది లేక లాండ్రీ ఆయన దుప్పట్లు కుక్కి బొత్తాం నొక్కాడు. మూడో నంబరు దడదడమని తన నడక మొదలుపెట్టింది. బావమరిది దానికి వీపు తిప్పి కూర్చుని, దాంతో ఏమాత్రం కలవకుండా పుల్లలు కొట్టి లెక్కపెట్టాడు. మెషిను ఒకవైపు, మేం ఇంకోవైపు. అంత ఘోరంగా మేం ఎన్నడూ వాయించలేదు. నేను వాడి పాదం వంక చూస్తూ, నా తీగ కోసం కాచుకున్నాను.